వంతెన వచ్చాక రేవులో మిగిలేది ఎవరు?

మండపేటలో బస్సెక్కితే ఆలమూరు, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం. మధ్యలో గౌతమి దాటతాం. ఒకట్రెండు నిమిషాలు కిటికీలోంచి నీళ్ళు కనబడతాయి. దణ్ణం పెట్టేవాళ్ళు పెడతారు, చిల్లర విసిరేవాళ్ళు విసురుతారు, నిద్రపోయేవాళ్ళు నిద్రపోతారు. అంతే, ఏరు దాటేశాం. ఏరు దాటడం కూడా ఒకప్పుడు ఒక పూట పని అని ఎవరికీ గుర్తుండదు. వంతెన చేసే మంచి అదే. ఆ పనిని మాయం చేసేస్తుంది.

కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, వంతెనల మీద నాకేమీ కోపం లేదు. "ఆ రోజుల్లో రేవు ఎంత బావుండేదో" అని కన్నీళ్ళు పెట్టుకునే ఉద్దేశం అసలే లేదు. నా పేచీ వేరే. వంతెన కట్టేటప్పుడు మనం అన్నీ రాసుకుంటాం. ఎన్ని స్తంభాలు, ఎంత పొడుగు, ఎన్ని కోట్లు, ఎవరి పేరు పెట్టాలి, రిబ్బన్ ఎవరు కత్తిరించాలి. కానీ పక్కనే ఉన్న రేవుని ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా రాసుకోం. వంతెన ప్రారంభానికి ముహూర్తం ఉంటుంది, రేవు మూయడానికి ఉండదు. దాన్ని దాని ఖర్మానికి వదిలేస్తాం. అది చచ్చేదాకా దాన్నే నమ్ముకుని పడవెక్కే మనుషులు కొందరుంటారు. నేను మాట్లాడేది వాళ్ళ గురించి.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ సంగతి చెప్పడం తేలిక. పాత సిస్టం లోంచి కొత్తదానికి మారే ప్రాజెక్టులో ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పెట్టని వాడు మనలో ఎవడు? మొదట్లో అందరూ ఉత్సాహంగా కొత్తదాంట్లోకి వెళ్ళిపోతారు. తొంభై శాతం యూజర్లు వెళ్ళిపోయాక పాత సర్వర్‌ని ఎవరూ పట్టించుకోరు. ప్యాచ్‌లు ఆగిపోతాయి, దాని సంగతి తెలిసిన మనిషి వేరే టీముకి పోతాడు, డిస్కు నిండిపోయినా అడిగేవాడుండడు. ఆ మిగిలిన పది శాతం ఎవరయ్యా అంటే, బద్ధకస్తులు కాదు, మారలేనివాళ్ళు. వాళ్ళకి అవసరమైనది కొత్తదాంట్లో లేదు కాబట్టే పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అయినా మన దగ్గర కొంత నయం. పాతది ఆపేముందు లాగులు చూసి ఇంకా ఎవరు వాడుతున్నారో కనుక్కుంటాం, నోటీసు ఇస్తాం, గడువు పెడతాం. రేవుకి ఆ మాత్రం మర్యాద కూడా దక్కదు.

సరే, గోదావరి జిల్లాల బయటివాళ్ళ కోసం కాస్త భూగోళం. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. ఎడమ వైపు పాయ గౌతమి, కుడి వైపుది వశిష్ఠ. వశిష్ఠ లోంచి మళ్ళీ వైనతేయ అని ఇంకో పాయ. ఈ పాయల మధ్య చిక్కుకున్న నేల కోనసీమ. పాయల లోపల మళ్ళీ ఇసుక, ఒండ్రు మేటలు వేసి ఏర్పడ్డ లంకలు. మండపేట గౌతమికి ఇవతల, ఏటికి కాస్త దూరంగా, కాలవల మధ్య ఉన్న ఊరు. అక్కణ్ణుంచి కపిలేశ్వరపురం వైపు వెళ్తే ఏటిగట్టు తగులుతుంది. గట్టు పట్టుకుని కిందికి పోతే కోటిపల్లి, ఇంకా కిందికి పోతే యానాం. ఎదర ఒడ్డంతా కోనసీమ. అంటే ఈ గట్టు పొడుగునా ప్రతి రెండు మూడు ఊళ్ళకీ ఒక రేవు ఉండి తీరాల్సిందే. లేకపోతే చుట్టరికాలు లేవు, సంత లేదు, కోర్టు లేదు, పెళ్ళి లేదు.

రేవులకి మంచి రోజులు ఎలా వచ్చాయన్నది కూడా తమాషా కథే. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడని మనందరికీ తెలుసు. ఊరూరా విగ్రహాలున్నాయి. కాని ఆయన తవ్వించిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. లాకులు పెట్టి పడవలని ఎత్తుకీ పల్లానికీ మార్చేవారు. గోదావరి డెల్టాలో దాదాపు 500 మైళ్ళ పొడుగున పడవలు నడిచే కాలవలు ఉండేవి. రైళ్ళకన్నా జలమార్గాలే చవకని కాటన్ గట్టిగా వాదించినవాడు. నీళ్ళు వచ్చాయి, రెండు పంటలు పండాయి, ధాన్యం బస్తాలు పెరిగాయి, బస్తాలు పెరిగితే పడవలు పెరిగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1890లోనే కాలవలకీ, ప్రభుత్వ రేవులకీ కలిపి ఒక చట్టం వచ్చిందంటే ఆ రోజుల్లో రేవు ఎంత పెద్ద వ్యవహారమో ఊహించుకోవచ్చు.

అలాంటి రేవు అంటే ఒక పడవా, ఒక గుంజా కాదు. నాటు పడవ ఉంటుంది, లాంచి ఉంటుంది, బళ్ళూ పశువులూ ఎక్కించడానికి పంటు ఉంటుంది (రెండు పడవలని పక్కపక్కన కట్టి మీద చెక్కలు పరిస్తే పంటు). సరంగు ఉంటాడు, కళాసీలుంటారు. ఒడ్డున కాఫీ హోటలు, కిళ్ళీ బడ్డీ, సైకిల్ షాపు, జట్కాలు, తర్వాత రోజుల్లో ఆటోలు. కొబ్బరికాయల రాశులు, అరటి గెలలు, పాల క్యాన్లు. అవతల ఒడ్డు నుంచి పడవ వచ్చేదాకా ఆగాలి కాబట్టి ఆ ఆగడం మీదే నాలుగు కుటుంబాలు బతుకుతాయి. ఏరు ఊరుకోదు కదా, ఏడాదికోసారి ఇసుక మేట ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుపుతుంది. అప్పుడు బాట మళ్ళీ వెయ్యాలి. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఇసుకలో బళ్ళు దిగబడకుండా తాత్కాలికంగా రోడ్డు వెయ్యాలి. వరదొస్తే అదంతా కొట్టుకుపోతుంది. మళ్ళీ మొదలు.

ఇంత పనిని మనవాళ్ళు నడిపించిన పద్ధతి వేలం. దాన్నే రేవు పాట అంటారు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకి ఆ ఏడాది రేవు. పాటదారు ప్రభుత్వానికి డబ్బు కడతాడు, జనం దగ్గర టికెట్టు వసూలు చేసుకుంటాడు. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. రోడ్డు వెయ్యడానికి ప్రభుత్వం కాంట్రాక్టరుకి డబ్బిస్తుంది. రేవు నడపడానికి మాత్రం కాంట్రాక్టరే ప్రభుత్వానికి డబ్బివ్వాలి. రెండూ దారులే. కాని ఒకటి ఖర్చు పద్దు, ఇంకోటి జమ పద్దు. జమ పద్దులో ఉన్నది రాబడి ఇచ్చినంత కాలమే ముద్దు. ఈ ఒక్క తేడా లోంచే మిగతా కథంతా పుట్టిందని నా అభిప్రాయం.

ఇక వంతెనల వరస. రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన, మనం హేవలాక్ బ్రిడ్జి అనేది, 1900లో వచ్చింది. రైలు దాటింది కాని రోడ్డు దాటలేదు. రోడ్డు కూడా ఉన్న రైలు వంతెన 1974లో వచ్చేదాకా రాజమండ్రి, కొవ్వూరు మధ్య మనుషులకి రైలైనా ఎక్కాలి, లాంచైనా ఎక్కాలి. ఆ 1974తో కొవ్వూరు లాంచీ రేవు కథ మలుపు తిరిగింది. కొత్త బ్యారేజి 1982లో పూర్తయ్యాక ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా దాని మీదుగానే రోడ్డు. 1997లో మూడో రైలు వంతెన, 2015 పుష్కరాల ఏడు నాలుగోది. కింద జొన్నాడ దగ్గర గౌతమి మీద, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ మీద జాతీయ రహదారి వంతెనలు ఎప్పుడో వచ్చేశాయి. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో తెరిచారు. దానికి అదే ఏడు మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు పెట్టారు. అంతకుముందు కాకినాడ నుంచి అమలాపురం అంటే యానాంలో దిగి, పంటు ఎక్కి, ఎదుర్లంకలో మళ్ళీ బస్సు పట్టుకోవడం. 2002 తర్వాత ఆ అవస్థ లేదు. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని రాత్రిపూట పడవలో వేసుకుని వెళ్ళిన కుటుంబాన్ని అడగండి, వంతెన విలువేంటో వాళ్ళు చెప్తారు.

ఇంతవరకూ అంతా బానే ఉంది. ఇప్పుడు వంతెన రాగానే పక్క రేవులో ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవి, లెక్క అర్థం కావడానికి. ఒక రేవు నడపడానికి రోజుకి పదివేలు ఖర్చనుకోండి: డీజిలు, జీతాలు, మరమ్మత్తులు, పాట బాపతు. వసూళ్ళు పన్నెండు వేలు. అందులో మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్ల మీద తొమ్మిది వేలు, నడిచొచ్చే మనుషుల మీద మూడు వేలు. అంటే నడిచొచ్చేవాడి చవక టికెట్టుని మోస్తున్నది బండివాడి టికెట్టు. కొంచెం దూరంలో వంతెన వచ్చింది. మొదట ఎవడు వెళ్ళిపోతాడు? బండివాడు. అతనికి పది కిలోమీటర్లు ఎక్కువైతే మాత్రం ఏముంది, పావుగంట. తొమ్మిది వేలు కాస్తా వెయ్యికి పడింది. నడిచొచ్చేవాళ్ళు మాత్రం అలాగే ఉన్నారు, వాళ్ళకి పది కిలోమీటర్లంటే సగం పూట. మొత్తం వసూలు నాలుగు వేలు. పాటదారు ఏం చేస్తాడు? ట్రిప్పులు సగం తగ్గిస్తాడు, ఒక కళాసీని మానిపిస్తాడు. ఖర్చు ఆరువేలకి దిగింది. ఇంకా నష్టమే. ట్రిప్పులు తగ్గితే ఆగడం పెరుగుతుంది, ఆగలేనివాళ్ళలో అప్పో సప్పో చేసి బండి కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కుని వెళ్ళిపోతారు. వసూళ్ళు ఇంకా తగ్గుతాయి. వచ్చే ఏడాది వేలానికి ఎవరూ రారు.

వేలానికి ఎవరూ రాలేదు కాబట్టి జనం దాటడం మానేస్తారా? మానరు. అవతల పొలం ఉంది, ఇవతల బడి ఉంది. చేపలు పట్టుకునే ఒకాయన తన నాటు పడవలో పొద్దునా సాయంత్రం దాటిస్తాడు. ఆయన చేసేది ఉపకారమే. కాని ఆ పడవకి లైసెన్సు ఉండదు, ఎంతమంది ఎక్కాలో చెప్పేవాడుండడు, లైఫ్ జాకెట్లుండవు, రాసుకునే పుస్తకం ఉండదు. అంటే రేవుకి మంచి రోజులున్నప్పుడు ఏరు దాటడం ఎంత క్షేమమో, వంతెన వచ్చాక మిగిలినవాళ్ళకి అంతకంటే ప్రమాదం అయ్యింది. అభివృద్ధి జరిగింది, వాళ్ళకి మాత్రం వెనక్కి జరిగింది.

ఇదేదో నేను లెక్కల్లో కనిపెట్టిన భయం కాదు. 2018 జూలై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? బడి నుంచి ఇళ్ళకి వెళ్తున్న పిల్లలూ, మరికొందరూ ఎక్కిన నాటు పడవ వరద నీటిలో అదుపు తప్పి, కడుతూ ఉన్న వంతెన పునాదికి కొట్టుకుని తిరగబడింది. ఏడుగురు కొట్టుకుపోయారు, వాళ్ళలో ఎక్కువమంది చదువుకునే ఆడపిల్లలు. మళ్ళీ చదవండి. పడవ కొట్టుకున్నది బండరాయికి కాదు, వాళ్ళ కోసమే కడుతున్న వంతెనకి. ఎదుర్లంక కూడా అదే మండలంలోది. 2002లో అంత పెద్ద వంతెన వచ్చిన మండలంలోనే, పదహారేళ్ళ తర్వాత కూడా బడి పిల్లలు నాటు పడవలో ఏరు దాటుతున్నారు. పెద్ద వంతెన పెద్ద రోడ్డుకి సమాధానం. లంకలో పిల్లకి కాదు. ఆమె లెక్క ఎవరి పుస్తకంలోనూ లేదు.

పోల్చి చూడండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. చాలా పెద్ద ఘోరం, దేశమంతా మాట్లాడింది. వెంటనే గోదావరిలో పర్యాటక బోట్లన్నీ ఆపేశారు, మళ్ళీ నడపాలంటే తనిఖీలు, నియమాలు. అలా చెయ్యాల్సిందే. కాని పాపికొండలు చూడ్డానికి వెళ్ళే బోటు ఆపితే ఆగిపోయేది విహారయాత్ర. లంక రేవు ఆపితే ఆగిపోయేది బడి, ఆసుపత్రి, కూలి. అందుకని ప్రమాదం జరగ్గానే "పడవలు నిషేధం" అనే ఉత్తర్వు రెండుచోట్లా ఒకేలా పనిచెయ్యదు. ఒకచోట రక్షణ అవుతుంది, ఇంకోచోట శిక్ష అవుతుంది.

కోటిపల్లి, ముక్తేశ్వరం రేవు ఇంకో రకం ఉదాహరణ. అక్కడ రేవు ఇంకా బతికి ఉండటానికి కారణం ఒక్కటే, పక్కన వంతెన రాకపోవడం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు పట్టాలని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు. మళ్ళీ రైలు రావడానికి 2004 పట్టింది. అక్కణ్ణుంచి ఏరు దాటి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైను అన్నారు. గౌతమిలో స్తంభాలు లేచాయి, కాని 2004 తర్వాత రెండు దశాబ్దాలు గడిచినా రైలు మాత్రం దాటలేదు. పంటు దిగితే అమలాపురం చేరువే. ఎటు చుట్టూ తిరిగినా, అటు యానామైనా ఇటు రావులపాలెమైనా, పదుల కిలోమీటర్లు. రేపు రైలు వచ్చిందనుకోండి, రావాలనే కోరుకుందాం. అప్పుడు "ఇంక రేవెందుకు" అంటారు చూడండి. రైలు వంతెన మీద మోటారు సైకిల్ వెళ్ళదు, గడ్డిమోపు వెళ్ళదు, మేక వెళ్ళదు. రైలు టైము రైలుది. రేవు చేసే పనిలో రైలు తీసుకునేది కొంత భాగం. మిగతా భాగం ఎంతో ఇప్పుడే, పంటు నిండుగా నడుస్తున్నప్పుడే లెక్కపెట్టుకోవడం మంచిది. తర్వాత లెక్కపెడదామంటే లెక్కకి మనుషులు కనబడరు, నాటు పడవల్లోకి చెల్లాచెదురైపోతారు.

ఇక్కడ మనలాంటి వాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. హైదరాబాదులోనో బెంగుళూరులోనో డాలసులోనో ఉండే గోదావరి వాళ్ళకి రేవు అంటే సినిమా. మూగమనసులు (1964) పడవ, అందాల రాముడు (1973) లాంచి, గోదావరి (2006) బోటు. సంక్రాంతికి వచ్చినప్పుడు పంటు మీద నాలుగు ఫోటోలు తీసుకుని "ఆహా, ఆ గాలి" అంటాం. తప్పేం లేదు, గాలి నిజంగానే బావుంటుంది. కాని పంటు మీద అరగంట ఆగడం మనకి సరదా, రోజూ రెండుసార్లు ఆగేవాళ్ళకి రోజుకో గంట కూలి. రేవు పోయిందని మనం పడే బాధ వేరు, రేవు పోతే వాళ్ళు పడే బాధ వేరు. మొదటిదాని గురించి మనం చాలా రాసుకున్నాం. రెండోదాని గురించి రాసిందే తక్కువ.

"గుప్పెడుమంది కోసం ఎవరు ఖర్చు పెడతారండీ?" అనే ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కొంచెం అటూ ఇటూ చూద్దాం. కేరళలో పడవలు నడపడానికి ఏకంగా ఒక ప్రభుత్వ శాఖ ఉంది, 1968 నుంచి. మనకి ఆర్టీసీ బస్సు ఎలాగో వాళ్ళకి ఆ బోటు అలాగ. 2017లో వైకం దగ్గర సౌరశక్తితో నడిచే 75 సీట్ల బోటు దింపారు. 2023లో కొచ్చిలో వాటర్ మెట్రో పేరుతో ద్వీపాలని కలుపుతూ విద్యుత్ బోట్లు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా లోపలి సరస్సులు, నదుల మీద ప్రభుత్వ ఫెర్రీలకి టికెట్టే లేదు. అవి రోడ్డుకి కొనసాగింపు అనే లెక్క. నార్వేలో కూడా ఫెర్రీ దారి జాతీయ రహదారిలో భాగమే. వీళ్ళెవరూ రేవు నుంచి లాభం రావాలని కూర్చోలేదు.

న్యూయార్కులో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. 1964లో వెరజానో వంతెన తెరవగానే బ్రూక్లిన్ నుంచి స్టాటెన్ ఐలండ్‌కి నడిచే ఫెర్రీని ఆపేశారు. తీరా చూస్తే ఆ వంతెనకి నడిచేవాళ్ళ కోసం దారే లేదు. కారు ఉన్నవాడికి వంతెన, లేనివాడు బస్సు చూసుకోవాలి. మన్‌హాటన్ వైపు ఫెర్రీని మాత్రం ఉంచారు, 1997 నుంచి దాన్ని ఉచితం చేశారు. అంత డబ్బున్న ఊళ్ళో కూడా ఒక రేవుని చంపారు, ఒక రేవుని పెంచారు. రెండూ నిర్ణయాలే. రేవులు వాటంతట అవి చావవు, మనం ఏదో ఒకటి నిర్ణయిస్తాం, లేదా నిర్ణయించకుండా వదిలేస్తాం.

గుప్పెడుమంది అనే మాటకి ఇంకో జవాబు కూడా ఉంది, అది ప్రతి ఏడూ జూలై, ఆగస్టుల్లో వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. వరద వస్తే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, పి. గన్నవరం వైపు బూరుగులంక రేవులో తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది, కపిలేశ్వరపురం కింద లంకలకి నీళ్ళు చుట్టుకుంటాయి. ఆ రోజున కలెక్టరు గారి దగ్గర నుంచి విలేఖరి దాకా అందరూ అడిగేది ఒకటే: పడవలేవి, నడిపేవాళ్ళేరి? మిగతా పదినెలలూ అక్కర్లేని పడవ ఆ వారం రోజులూ ప్రాణం. వరద గోదారిలో పడవ నడపడం నెట్లో చూసి నేర్చుకునే విద్య కాదు. సుడి ఎక్కడ పడుతుందో, మేట ఎక్కడ దాగుందో, ఎదురు నీటిలో పడవని ఎంత పైకి తీసుకెళ్ళి వదిలితే అవతలి రేవుకి సరిగ్గా తగులుతుందో, అది రోజూ దాటేవాడికి వచ్చేది. మన భాషలో చెప్పాలంటే రేవు ఆ జిల్లాకి బ్యాకప్ సైటు. బ్యాకప్‌ని ఖర్చు దండగని ఆపేసి, సర్వర్ కూలిన రోజున బ్యాకప్ ఏదని అరిచే మేనేజరుని మనం ఏమంటామో అదే ఇక్కడ కూడా అనాలి.

ఇంకో చిన్న విడ్డూరం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితం. మంచి పథకం. ఇప్పుడు లంకలో ఉన్న ఆవిడ సంగతి చూడండి. బస్సు ఎక్కాలంటే ముందు ఏరు దాటాలి. బస్సు ఉచితం, పడవకి డబ్బులు. ఆవిడ ఇంటి దగ్గర మొదలయ్యే దారిలో మొదటి ముక్క మాత్రం సర్కారు లెక్కలో దారి కాదు. ఆ ముక్క జమ పద్దులో ఉంది కాబట్టి.

సరే, ఏం చెయ్యాలి అంటే నాకు తోచినవి నాలుగు. మొదటిది, వంతెన అంచనాలు వేసేటప్పుడు రేవులో బండి లేకుండా దాటేవాళ్ళని విడిగా లెక్కపెట్టాలి. మొత్తం ఎంతమంది అని కాదు, వంతెన వచ్చినా వంతెన దాకా పోలేనివాళ్ళు ఎంతమంది అని. ఎవరు, ఏ వేళలో, ఎందుకు దాటుతున్నారో వారం రోజులు రేవులో కూర్చుని రాసుకుంటే చాలు. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, ఒక పుస్తకం, ఒక పెన్ను.

రెండోది, వంతెన తెరిచిన రోజు నుంచి ఆ రేవుకి పాట ఎత్తేసి, తిరగేసిన పద్ధతి పెట్టాలి. పాటదారు ప్రభుత్వానికి కట్టడం కాదు, రోజుకి ఇన్ని ట్రిప్పులు తప్పకుండా తిప్పినందుకు ప్రభుత్వం అతనికి కట్టడం. ఎవరు తక్కువకి తిప్పుతానంటే వాళ్ళకి. మన వాళ్ళకి రోడ్లలో అలవాటైన టెండరే ఇది, నీటి మీద పెట్టడమే కొత్త. దాంతోపాటే పడవ రిజిస్ట్రేషన్, జాకెట్లు, ఎంతమంది ఎక్కాలో గీత. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టంలో ఇంజను లేని పడవల ప్రస్తావన కూడా ఉంది. చట్టం లేక కాదు, డబ్బులిచ్చేవాడు లేక పడవ అలా ఉంది.

మూడోది, రేవు మూయాలంటే షరతు ఉండాలి. వంతెన మీదుగా ఆ ఊరికి పొద్దున, సాయంత్రం బస్సో ఆటో సర్వీసో నిలకడగా నడిచి, ఒక వర్షాకాలం కూడా దాటాకే రేవు మూయాలి. కొత్త సిస్టం నెలాఖరు లెక్కల భారం ఒకసారైనా తట్టుకోకుండా పాతది పీకెయ్యం కదా, అలాగే. వంతెన కడుతున్నంత కాలం పునాదుల చుట్టూ దీపాలు, పడవ దారికి గుర్తులు, వరద రోజుల్లో దాటింపు ఎక్కడ నుంచి ఎక్కడికో ముందే నిర్ణయం. పశువుల్లంక తర్వాత కూడా ఇది ఒకళ్ళు చెప్పాల్సి రావడం సిగ్గుచేటు.

నాలుగోది, వరద జిల్లాల్లో రేవు పడవలనీ సరంగులనీ విపత్తుల ఖాతాలో రాసుకుని ఏడాది పొడుగునా కొంత జీతం ఇవ్వాలి. వరద వచ్చాక వెతికి తెచ్చుకునే పడవకన్నా ఇది చవకే అవుతుంది.

ఇవేవీ వంతెనల డబ్బుతో పోలిస్తే లెక్కలోకి వచ్చే ఖర్చులు కావు. అయినా జరగవు, ఎందుకంటే రేవులో మిగిలినవాళ్ళు ధర్నా చెయ్యగలిగినంత మంది ఉండరు. ధర్నా చెయ్యగలిగినంత మంది ఉన్నప్పుడు వంతెన అడిగారు, వంతెన వచ్చింది, వాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలింది ముసలాళ్ళు, కూలీలు, పాలమ్మేవాళ్ళు, బడి పిల్లలు. వాళ్ళ తరఫున అడగాల్సింది ఇప్పుడు వంతెన మీద వెళ్ళేవాళ్ళే, అంటే మనమే. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ దగ్గర రేవు ఉంటే ఫోటో తీసుకోండి, వద్దనను. దాంతోపాటు ఈ ఏడాది పాట ఎవరు పాడారు, పడవలో జాకెట్లు ఎన్ని ఉన్నాయి, రోజూ ఎంతమంది పిల్లలు దాటుతున్నారు అని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకుని, మండలం ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి రండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది. అప్లికేషన్ రాయడం మనకి రోజూ చేసే పనే.